వయసు పైబడ్డాక చెయ్యి ఎందుకు నెమ్మదిస్తుంది, అందులో ఎంత తిరిగి తెచ్చుకోవచ్చు

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్తాను, తర్వాత చదివేవాళ్లకు కూడా ఉపయోగపడుతుంది. నాన్నగారికి 72 ఏళ్లు. చేతిలో నొప్పి లేదు, షుగర్ లేదు, పక్షవాతం రాలేదు. అయినా కొంతకాలంగా కాఫీ గ్లాసు కోసం చెయ్యి చాపితే మునుపటిలా ఒక్క ఊపులో వెళ్లడం లేదు. గ్లాసు దగ్గరికి వచ్చాక కాస్త ఆగి, సర్దుకుని పట్టుకుంటున్నారు. ఒకరోజు అటక మీది డబ్బా దించబోయి తూలారు. అమ్మగారికి 67, షుగర్ ఉంది. ఆర్నెల్లుగా కుడి చెయ్యి వెనక్కి పోక జడ వేసుకోలేకపోతున్నారు, రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకోలేకపోతున్నారు. డాక్టరు ఇద్దరికీ "వయసు వల్లే" అన్నారు. ఇది మామూలేనా, ఈ వయసులో బరువులతో వ్యాయామం చేయిస్తే ప్రమాదమా అని మీరు అడిగారు.

మీరు రాసినదాన్నిబట్టి నాన్నగారిది వయసుతో వచ్చే మార్పులాగే ఉంది. అమ్మగారిది అలా లేదు. ఆవిడ సంగతి కింద విడిగా రాశాను, దయచేసి అది తప్పకుండా చదవండి. ఫిజియోథెరపిస్టుగా నేను ఎక్కువగా పెద్దవాళ్లతోనే పనిచేశాను. "వయసు వల్ల" అన్న మాట చెవిన పడగానే ఇంట్లోవాళ్లు ప్రేమ కొద్దీ చేసే మొదటి పని, పెద్దవాళ్ల చేతిలోని పని తీసేసుకోవడం. "మీరు కూర్చోండి, నేను తెస్తాను" అంటారు. వయసు చేసిన నష్టం మీద ఈ నష్టం కూడా వచ్చి పడుతుంది. ఇది ఎందుకంటున్నానో అర్థం కావాలంటే చేతిలో అసలు ఏం మారుతోందో తెలియాలి.

చాలామంది కండ కరిగిపోవడం ఒక్కటే కారణం అనుకుంటారు. కండ తగ్గేమాట నిజమే. 50 దాటాక బలం ఏటా సుమారు ఒకటి, ఒకటిన్నర శాతం చొప్పున పోతుంది, 60, 70ల తర్వాత ఆ వేగం ఇంకా పెరుగుతుంది. బలం కంటే ముందు తగ్గేది చురుకు, అంటే ఆ బలాన్ని ఎంత త్వరగా బయటికి తేగలం అన్నది. ఎందుకంటే వేగంగా పనిచేసే కండర పోగులే వయసుతో ఎక్కువగా సన్నబడతాయి, నెమ్మదిగా, ఓపికగా పనిచేసేవి చాలావరకు నిలబడతాయి. అందుకే కొన్ని పరీక్షల్లో ఒక ఆశ్చర్యం కనిపిస్తుంది. ఎవరి బలానికి తగ్గ బరువు వాళ్లకిచ్చి కదలకుండా పట్టుకోమంటే, పెద్దవాళ్లు కుర్రవాళ్ల కంటే ఎక్కువసేపు అలసిపోకుండా పట్టుకోగలుగుతారు. అదే గబగబా లేపి దించమంటే వెనకబడతారు.

కానీ గ్లాసు ఎత్తడానికి ఎంత బలం కావాలి? నాన్నగారి దగ్గర దానికి పదింతల బలం ఇప్పటికీ ఉంటుంది. అసలు మార్పు నరాల్లో ఉంది. వెన్నుపాములోని ఒక్కో నరకణం కింద కొన్ని కండర పోగులు ఉంటాయి. కన్ను తిప్పే కండరాల్లో ఒక్కో కణానికి పది, ఇరవై పోగులే, జబ్బలోని పెద్ద కండరంలో అయితే వందల్లో. 60 దాటాక ఈ నరకణాలు కొన్ని చనిపోతుంటాయి. దిక్కులేకుండా పోయిన పోగులన్నీ ఎండిపోవు, పక్కనున్న నరకణం కొమ్మలు చాచి వాటిలో కొన్నింటిని తన కిందికి తెచ్చుకుంటుంది. పల్లెల్లో ఒక లైన్‌మ్యాన్ రిటైరైతే పక్క ఊరి లైన్‌మ్యాన్ ఆ ఇళ్లు కూడా చూసుకున్నట్టు. కరెంటు ఆగదు, కానీ ఒక్క స్విచ్చి వేస్తే ఇప్పుడు రెండు ఊళ్లు ఒకేసారి వెలుగుతాయి. చేతిలోనూ అంతే. బలాన్ని కొంచెం కొంచెంగా పెంచడం కష్టమై పెద్ద పెద్ద మెట్లుగా పెరుగుతుంది. ఈ తేడా బాగా బయటపడేది చిన్న బలాల దగ్గర. పెద్దాయన బియ్యం సంచి పట్టుకుంటే చెయ్యి నిలకడగానే ఉంటుంది, టీ కప్పు సాసరు మీద పెట్టేటప్పుడు మాత్రం గలగలలాడుతుంది. ఇంట్లోవాళ్లు "అంత బరువు మోస్తారు, ఇది పట్టుకోలేరా" అని విసుక్కోవడం నేను చాలాసార్లు విన్నాను. ఆయన అశ్రద్ధ ఏమీ లేదు అందులో.

ఇక గ్లాసు దగ్గర ఆగడం. మనం దేన్నైనా అందుకునేటప్పుడు చెయ్యి రెండు దశల్లో కదులుతుందని 1899లోనే వుడ్‌వర్త్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త రాశాడు. మొదటిది ముందే లెక్కవేసుకున్న ఒక పెద్ద ఊపు. రెండోది కంటితో చూస్తూ చేసే చిన్న సవరణలు. వయసులో ఉన్నవాళ్ల చెయ్యి మొదటి ఊపులోనే దాదాపు మొత్తం దూరం వెళ్లిపోతుంది. పెద్దవాళ్లలో ఆ మొదటి ఊపు ముందే ఆగుతుంది, మిగిలిన దూరం చిన్న చిన్న సవరణలతో నడుస్తుంది. వేగం పెరగడానికి పట్టే సమయం పెద్దగా మారదు, తగ్గించుకుంటూ ఆగడానికి పట్టే సమయమే సాగుతుంది. మీరు చూసిన "ఆగి సర్దుకోవడం" అదే.

మెదడు ఇలా ఎందుకు చేస్తుంది? తన ఆదేశం కండరంలో మునుపటంత కచ్చితంగా అమలు కావడం లేదని దానికి తెలుసు. పైగా కీళ్లు ఎక్కడున్నాయో చెప్పే సమాచారం, వేలి కొసల స్పర్శ కూడా మొద్దుబారి ఉంటాయి. వేగంగా వెళ్తే గురి తప్పుతుంది, గురి కావాలంటే వేగం వదులుకోవాలి. ఈ లెక్కను 1954లో పాల్ ఫిట్స్ సూత్రంగా రాశాడు, అది అన్ని వయసులవారికీ వర్తిస్తుంది. పెద్దవాళ్లు ఆ బేరంలో గురి వైపు మొగ్గుతారు. నా దృష్టిలో అది తెలివైన నిర్ణయమే, గ్లాసు ఒలకడం లేదు కదా.

చర్మం మీద ఎలక్ట్రోడ్లు అంటించి కండరాల విద్యుత్ సంకేతాలు చూసే ఈఎమ్‌జీ పరీక్షలో ఇంకో సంగతి తెలుస్తుంది. చెయ్యి వేగంగా చాపినప్పుడు మామూలుగా ముందు తోసే కండరం ఒక్కసారి మేల్కొంటుంది, అది సద్దుమణిగాక ఆపే కండరం బ్రేకు వేస్తుంది, చివర్లో మొదటిది మళ్లీ కొంచెం పలికి చేతిని నిలబెడుతుంది. వయసు పెరిగేకొద్దీ ఈ వంతులు ఒకదానిమీదొకటి పడతాయి. జబ్బ ముందు కండరం, వెనక కండరం రెండూ ఒకేసారి బిగుసుకుంటాయి. దీనివల్ల మోచెయ్యి గట్టిగా నిలబడుతుంది, ఊగిసలాట తగ్గుతుంది. కానీ తోసేదీ ఆపేదీ ఒకేసారి పనిచేస్తుంటే చెయ్యి నెమ్మదిస్తుంది, త్వరగా అలసిపోతుంది. దండెం మీద బట్టలు ఆరేసి వచ్చిన పెద్దావిడ "జబ్బలు లాగేస్తున్నాయమ్మా" అంటే ఇది కూడా ఒక కారణం. మొత్తం చెయ్యి బరువు ఒంటి బరువులో సుమారు ఇరవయ్యో వంతు, అరవై కిలోల మనిషికి మూడు కిలోలు. దాన్ని తల పైన పట్టుకుని ఉండటమే పెద్ద పని, ఆపై కండరాలు ఒకదానితో ఒకటి పోట్లాడుతుంటే భారం ఇంకా పెరుగుతుంది.

పట్టు విషయంలోనూ ఇదే తీరు. గ్లాసు జారకుండా ఉండటానికి ఎంత బలం కావాలో వేలి కొసలు సరిగా చెప్పకపోతే, మెదడు అవసరానికి మించి గట్టిగా పట్టుకోమంటుంది. పెన్ను నొక్కిపట్టి రాయడం, స్పూను బిగించి పట్టుకోవడం ఇలాంటివే. లావు పిడి ఉన్న స్పూను, గరుకుగా ఉండే గ్లాసు ఇస్తే ఆ అదనపు శ్రమ తగ్గుతుంది. పైసా ఖర్చులేని ఉపాయం కూడా ఉంది, పిడికి కాస్త గుడ్డ చుట్టడం.

అన్నీ పోవు, ఇది గట్టిగా చెప్పాలి. చెయ్యి పైకి లేపేటప్పుడు ఆపడానికి కండరం వాడకుండా భూమి ఆకర్షణనే బ్రేకుగా వాడుకునే నేర్పు మన మెదడుకి ఉంది. ఫ్రాన్స్‌లోని డిజోన్‌లో పరిశోధకులు ఈ విషయం మీద చాలాకాలంగా పనిచేస్తున్నారు. ఒక్క చెయ్యి మాత్రమే కదిలే పనుల్లో పెద్దవాళ్లు కూడా ఈ పొదుపును కుర్రవాళ్లలాగే చేస్తున్నారని, ఒళ్లంతా కదలాల్సిన పనుల్లోనే అది తగ్గుతోందని వాళ్ల కొలతల్లో తేలింది. అలవాటైన పని కూడా నిలుస్తుంది. 1984లో సాల్ట్‌హౌస్ అనే పరిశోధకుడు 19 నుంచి 72 ఏళ్ల వరకు ఉన్న టైపిస్టులను పరీక్షించాడు. పెద్ద టైపిస్టుల వేళ్ల స్పందన నెమ్మదించినా టైపింగ్ వేగం తగ్గలేదు. వాళ్లు రాబోయే అక్షరాలను ఎక్కువ ముందుగా చూసుకుంటూ కొడుతున్నారు. మన ఊళ్లలో పూలు కట్టే, బీడీలు చుట్టే పెద్దవాళ్ల వేళ్లను చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అటక దగ్గర తూలడం. మీరు రాసినవాటిలో నాన్నగారి గురించి నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఇదే. నిలబడి చెయ్యి పైకి లేపినప్పుడు ముందు పనిచేసేది భుజం కండరం అనుకుంటాం. కాదు. భుజం కంటే ముందు, సెకనులో పదో వంతు కూడా కాని తేడాతో, తొడ వెనక, నడుము కండరాలు మేల్కొని ఒంటిని సిద్ధం చేస్తాయి. 1967లో సోవియట్ శాస్త్రవేత్తలు దీన్ని మొదట కొలిచి చూపించారు. వయసుతో ఈ ముందస్తు సన్నాహం ఆలస్యమవుతుంది, బలహీనపడుతుంది. చెయ్యి లేచిపోతుంది, ఒళ్లు ఇంకా తయారు కాలేదు. పైగా చేతుల బలం కంటే కాళ్ల బలం ముందుగా, ఎక్కువగా తగ్గుతుంది. కాబట్టి అటక దగ్గర తూలడాన్ని చేతి సమస్యగా చూడకండి, అది కాళ్ల సమస్య. ఆయన చేతికి వ్యాయామం చెప్పి కాళ్లను వదిలేసేవాళ్ల మాట వినవద్దు. రోజూ కావలసినవి ఛాతీ ఎత్తుకి దించి పెట్టండి, కుర్చీ ఎక్కడం పూర్తిగా ఆపేయండి. అందుకోవడం మాత్రం మాన్పించవద్దు.

వీపు సంగతి కూడా ఒకసారి చూడండి. మీరే వీపు వంచి గూనిగా కూర్చుని చెయ్యి పైకి లేపండి, తర్వాత నిటారుగా కూర్చుని లేపండి. తేడా తెలుస్తుంది. చెయ్యి పూర్తిగా పైకి వెళ్లడంలో సుమారు మూడింట రెండు వంతులు భుజం కీలుది, ఒక వంతు వీపు మీది రెక్క ఎముకది. గూని పడితే రెక్క ఎముకకి జరగడానికి చోటుండదు. "భుజం పైకి రావట్లేదు" అని వచ్చే పెద్దవాళ్లలో కొందరికి నేను ముందు వీపునే సరిచేయిస్తాను.

అమ్మగారి విషయం. షుగర్ ఉంది, ఒకే భుజం, రాత్రి నొప్పి, చెయ్యి వెనక్కి పోవడం లేదు. ఇది ఫ్రోజెన్ షోల్డర్, అంటే భుజం కీలు బిగుసుకుపోయే జబ్బు కావచ్చు. 40 నుంచి 60 ఏళ్ల మధ్య ఎక్కువగా వస్తుంది, షుగర్ ఉన్నవాళ్లలో మిగతావారి కంటే కొన్ని రెట్లు ఎక్కువ, 60 దాటాక కూడా రావచ్చు. ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేయొచ్చు. మోచేతిని నడుముకి ఆనించి తొంభై డిగ్రీలు వంచమనండి, ముంజేతిని బయటి వైపుకి తిప్పమనండి. తర్వాత మీరు మెల్లగా తిప్పి చూడండి. ఆవిడ తిప్పినా, మీరు తిప్పినా ఒకేచోట ఆగిపోతే, రెండో చెయ్యి మాత్రం హాయిగా తిరుగుతుంటే, కీలు చుట్టూ ఉండే పొర బిగుసుకుందని అనుమానించాలి. కీలు అరుగుదలలోనూ ఇలాగే ఆగుతుంది కాబట్టి ఎక్స్‌రే తీయించాలి. ఆవిడ తిప్పలేకపోయినా మీరు తిప్పితే తిరుగుతోందంటే భుజం స్నాయువు (కండరాన్ని ఎముకకి కలిపే పట్టీ) చిరిగి ఉండొచ్చు, అప్పుడు వైద్యం వేరు.

ఎమ్మారై రిపోర్టు చూసి భయపడకండి. 1995లో అమెరికాలో భుజంలో ఏ ఇబ్బందీ లేని 96 మందికి ఎమ్మారై తీస్తే, 60 దాటినవాళ్లలో 54 శాతం మందికి స్నాయువులో ఎంతో కొంత చిరుగు కనిపించింది. వాళ్లెవరికీ నొప్పి లేదు. అందువల్ల చిరుగు కనపడగానే ఆపరేషన్ అనేవాళ్లని ఒకటికి రెండుసార్లు అడగండి. ఫ్రోజెన్ షోల్డరే అయితే తగ్గడానికి ఏడాది నుంచి మూడేళ్లు పట్టొచ్చు, కానీ ఊరికే కూర్చోనక్కర్లేదు. కీలులోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ తొలి నెలల్లో నొప్పిని బాగా తగ్గిస్తుంది. దాని తర్వాత కొన్నిరోజులు షుగర్ పెరుగుతుంది కాబట్టి రోజూ చూసుకోవాలి. నొప్పి ఎక్కువగా ఉన్న దశలో చెయ్యి పట్టుకుని బలవంతంగా మెలితిప్పే మాలిష్‌లు అస్సలు వద్దు. మెల్లగా, నొప్పి అంచు దాకా వెళ్లి ఆగే వ్యాయామాలే చేయాలి.

బరువుల ప్రశ్నకి వస్తాను. ప్రమాదం కాదు, అవసరం. 1990లో అమెరికాలో ఒక వృద్ధాశ్రమంలో 86 నుంచి 96 ఏళ్ల వయసున్న పదిమందితో ఎనిమిది వారాలు తొడ కండరాలకు బరువులతో వ్యాయామం చేయించారు. పూర్తిచేసిన తొమ్మిది మంది బలం సగటున 174 శాతం పెరిగింది. అది కాళ్లలో జరిగిన పరీక్ష, కానీ చేతి కండరం కూడా అలాగే స్పందిస్తుంది. మొదటి వారాల్లో వచ్చే బలం కండ పెరిగినందువల్ల కాదు, నరాలు కండరాన్ని ఇంకా బాగా పిలవడం నేర్చుకున్నందువల్ల. అందుకే అద్దంలో తేడా కనపడకముందే పనిలో తేడా కనిపిస్తుంది.

నాన్నగారికి వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు విరామంతో చాలు. గోడకి ఎదురుగా నిలబడి చేతులు ఆనించి వంగి లేవడం. తలుపు గడియకి రబ్బరు బ్యాండు కట్టి రెండు చేతులతో వెనక్కి లాగడం, దీనివల్ల గూని కూడా తగ్గుతుంది. నీళ్లు పోసిన బాటిల్ పట్టుకుని భుజం పైకి ఎత్తడం, అర లీటరుతో మొదలుపెట్టి లీటరుకి వెళ్లొచ్చు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, ఇది వదలొద్దు. ఒక్కొక్కటీ ఎనిమిది నుంచి పన్నెండు సార్లు, రెండు విడతలు. చివరి రెండు కష్టంగా అనిపించాలి, సులువుగా అయిపోతుంటే బరువు చాలలేదని అర్థం. లేపేటప్పుడు చురుగ్గా లేపి, దించేటప్పుడు మూడు అంకెలు లెక్కపెడుతూ దించమనండి. పోతున్నది చురుకు కాబట్టి అభ్యాసం కూడా చురుకులోనే ఉండాలి. మొదటి రెండు వారాలు అన్నీ నెమ్మదిగానే చేయించి, పద్ధతి కుదిరాక వేగం తేవాలి. ఊపిరి బిగబట్టకూడదు, అలా చేస్తే బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. ఈమధ్య గుండె ఇబ్బంది వచ్చినవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు, ఎముకలు బాగా గుల్లబారినవాళ్లు డాక్టరుని అడిగి మొదలుపెట్టాలి.

దీంతోపాటు అందుకోవడం సాధన చేయించండి. వంటింటి గట్టు పక్కన నిలబడి ఒక చెయ్యి గట్టు మీద ఉంచి, రెండో చేత్తో కంటి ఎత్తున ఉన్న గూట్లోంచి తేలికైన డబ్బా తీసి మళ్లీ అక్కడే పెట్టడం. నిలకడ కోసం ప్రత్యేకంగా పరికరాలు కొనక్కర్లేదు. పెసలు ఏరడం, వత్తులు చేయడం, బొత్తాలు తనే పెట్టుకోవడం, కూరగాయలు తరగడం, అన్నీ చిన్న బలాల మీద అదుపు నేర్పే పనులే. ఆలస్యమైనా ఆయన చేతే చేయించండి.

పిడికిలి పట్టు గురించి వాట్సాప్‌లో చాలా తిరుగుతోంది. 2015లో మన దేశంతో సహా 17 దేశాల్లో జరిగిన పెద్ద అధ్యయనంలో పట్టు ప్రతి ఐదు కిలోలు తగ్గితే మరణ ప్రమాదం 16 శాతం ఎక్కువగా కనిపించింది. ఆసియా నిపుణుల బృందం 2019లో మగవాళ్లకు 28 కిలోలు, ఆడవాళ్లకు 18 కిలోల కంటే తక్కువ ఉంటే కండబలం తక్కువని గీత గీసింది. ఒకసారి కొలిపించుకోవడం మంచిదే. అయితే పట్టు అనేది ఒంటి మొత్తం స్థితిని చూపించే గుర్తు. రబ్బరు బంతి పిసికినంత మాత్రాన ఆ ప్రమాదం తగ్గదు, కాళ్లు, వీపు, తిండి అన్నీ కలిస్తేనే ఫలితం.

తిండి అంటే ముఖ్యంగా మాంసకృత్తులు. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సు ప్రకారం పెద్దలకు కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు. 65 దాటినవాళ్లకి 1 నుంచి 1.2 గ్రాములు కావాలని వృద్ధుల పోషణ నిపుణులు చెప్తారు. 60 కిలోల మనిషికి 60 గ్రాములు దాటాలి. రాత్రి చారన్నం, మజ్జిగన్నంతో ముగించే ఇళ్లలో ఇది ఎక్కడా సరిపోదు. గుడ్డులో ఆరు గ్రాములు, గ్లాసు పాలల్లో సుమారు ఆరు, వంద గ్రాముల వండని పప్పులో ఇరవై రెండు దాకా ఉంటాయి. ఒక్కపూటే కాకుండా మూడు పూటలా పంచండి. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం డాక్టరు చెప్పిన కొలతే.

వయసు ఖాతాలో వేయకూడనివి కూడా తెలుసుకోండి. వయసు మార్పు ఏళ్ల తరబడి, రెండు చేతులకీ దాదాపు సమానంగా వస్తుంది. ఒక్క చేతికే వస్తే ఆలోచించాలి. నడిచేటప్పుడు ఒక చెయ్యి ఊగకపోవడం, ఒళ్లో ఊరికే పెట్టుకున్న చెయ్యి వణకడం, చేతిరాత రానురాను చిన్నదవడం పార్కిన్సన్స్ అనే మెదడు జబ్బు లక్షణాలు కావచ్చు. పార్కిన్సన్స్ కొందరిలో భుజం బిగుతుగా మొదలై, చాలాకాలం భుజం జబ్బుగానే పొరబడతారు. ఏదైనా పట్టుకున్నప్పుడు మాత్రమే వచ్చే వణుకు వేరు, దానికి థైరాయిడ్, వాడుతున్న మందులు కూడా చూడాలి. బొత్తాలు పెట్టలేకపోవడంతో పాటు నడక కూడా తడబడుతుంటే మెడ దగ్గర వెన్నుపాము నొక్కుకుంటోందేమో చూపించాలి. రాత్రి వేళ్లు తిమ్మిరెక్కి నిద్ర లేపుతుంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుంటూ ఉండొచ్చు. మెట్లెక్కితే వచ్చి కూర్చుంటే తగ్గే ఎడమచేతి నొప్పి గుండెది కావచ్చు. ఒక చెయ్యి ఒక్కసారిగా పడిపోతే, మూతి వంకరపోతే, మాట తడబడితే అరగంట కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మీరు ఈ వారంలోనే అమ్మగారిని ఎముకల డాక్టరుకి చూపించి భుజం ఎక్స్‌రే, మూడు నెలల షుగర్ సగటు పరీక్ష చేయించండి. నాన్నగారి వ్యాయామం మాత్రం దానికోసం ఆపవద్దు. మొదలుపెట్టే ముందు ఆయన గ్లాసు అందుకోవడాన్ని, కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడాన్ని ఫోన్లో వీడియో తీసి పెట్టుకోండి. ఆ ఐదుసార్లకి పన్నెండు సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడుతుంటే కాళ్ల మీద ఇంకా ఎక్కువ దృష్టి పెట్టాలి. పది, పన్నెండు వారాల తర్వాత మళ్లీ తీసి పోల్చి, ఏం మారిందో ఇక్కడే రాయండి. బరువులు ఎలా పెంచాలో అప్పుడు చెప్తాను.